గద్ద మళ్ళీ వచ్చింది, బావా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే అక్క మళ్ళీ బండెక్కింది, నా వెనకాల. జాలరిపేట దాటాక, చేపల ఆటో వెంట తిరుగుతున్న గద్దల్లో ఒకటి సూటిగా నా ముఖం మీదికి దిగింది. ఆ రోజు నిన్ను బండి మీంచి పడేసిందీ ఇలాంటి గద్దే. తల వంచేశాను. రెక్క హెల్మెట్‌కి కొట్టుకుంది. బండి ఊగింది గాని పడలేదు.

పక్కకి తీసి ఆపబోయాను. అక్క నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

"ఆపీకురా. ఇప్పుడు దిగిపోతే నాను మరి బండెక్కలేను. పోనీ."

పోనిచ్చాను. నీ ఫోటోకని కొన్న పూలు ఆమె ఒళ్ళోంచి జారి రోడ్డు మీద పడ్డాయి. వాటికోసం కూడా ఆగలేదు. గద్ద మమ్మల్ని వదల్లేదు బావా. దాని నీడ రోడ్డు మీద మాకంటే ముందు వెళ్తోంది.