రాహేలమ్మ మాట రాసిన పేజీ

మే 20, మంగళవారం
తెనాలి. బైబిలు డిప్లొమా పరీక్షకు చదవాల్సిన వ్యాఖ్యానం ఆరువందల పేజీలు. బాపట్లలో పరిశోధన చేస్తున్న మేనకోడలు సునీత తన పాత ఈ-ఇంక్ రీడరు, పుస్తకాలు చదువుకునే పలక, ఇచ్చింది. పరీక్ష రాసే అట్ట అంత ఉంది. కళ్ళు మండవు. పేజీ అంచున పెన్నుతో రాసుకోవచ్చు. "ఇక జిరాక్సులు మోయకు మామయ్యా." తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి... పండితుణ్ణయిపోయినట్టుంది.

మే 23, శుక్రవారం
రేపల్లె మందిరంలో ఉపవాస కూటం, వాక్యం చెప్పింది నేనే. ప్రార్థించమని ఎవరు ఏ మనవి చెప్పినా, దానికి తగిన వాక్యం పక్కనే రీడరులో రాశాను. కాగితం మీదైతే పెన్సిలు — ప్రార్థన నెరవేరితే చెరిపెయ్యడం. ఇరవై ఏళ్ళ అలవాటు.

స్త్రీల ప్రార్థన నడిపించే రాహేలమ్మ గుమ్మం దగ్గర ఆపింది. "మా ఆయన పోయాక నాకు ప్రార్థన రావట్లేదన్నయ్యా. నోరే ఆడుతోంది. అవతల వినేవాడు లేనట్టుంది."

బూడిదలో కూర్చుని దేవుణ్ణి నిలదీసిన భక్తుడి అధ్యాయం పక్కన ఆమె మాట రాసుకున్నాను. పేరుతో సహా.

మే 25
సునీత ఇంట్లో భోజనం. రీడరు తన నెట్‌కి కలిపింది. నేను రాసినవన్నీ తన లాప్‌టాప్‌లోకీ వస్తాయట.

మే 29, గురువారం
రేపల్లె సంఘ కాపరి ఏలియా కూడా అదే పరీక్ష రాస్తున్నాడు. "బ్రదర్, మీ నోట్సు పంపండి." డిగ్రీ చదివినవాడు నన్ను అడిగాడు! మనవులన్నీ చెరిపేశాను. పంపమని సునీతకు ఫోన్ చేశాను.

జూన్ 2
రాహేలమ్మను స్త్రీల ప్రార్థన నడిపించడం నుంచి తీసేశారు. ప్రార్థన రానిదాన్ని ప్రార్థనకు ఎలా పెడతామని సంఘ పెద్దలు అన్నారట. సునీత పంపిన నోట్సు ఏలియాయే వాళ్ళకు చదివి చూపించాడు. నా చేతిరాత.

బైబిల్లో, తాగి ఒళ్ళు తెలియక బట్టల్లేకుండా పడున్న తండ్రి మీద వెనక్కి నడిచి బట్ట కప్పిన కొడుకులున్నారు. చూసి బయటికి పోయి చెప్పినవాడూ ఉన్నాడు. కాపరిట... గొర్రె కుంటుతుంటే కాలు విరిచే కాపరి.

జూన్ 3
బాపట్ల. సునీత మీద అరిచాను. చెరిపింది మళ్ళీ ఎలా లేచింది?

"నువ్వు తెనాలిలో నెట్ లేకుండా చెరిపావు. నా లాప్‌టాప్‌లో పాతదే ఉంది, అదే పంపాను. ఆవిడ మాట నేను రాశానా మామయ్యా?"

ఇంకా గట్టిగా అరిచాను. అన్నం తినకుండా బస్సెక్కాను.

జూన్ 6, శుక్రవారం
రేపల్లె. రాహేలమ్మ అరుగు మీద చేపలు తోముతోంది. లేవలేదు.

"ఎందుకు రాశారన్నయ్యా?"

మర్చిపోకూడదని, అన్నాను.

"మర్చిపోయినా బాగుండేది."

ఆదివారం సంఘం ముందు నా తప్పు ఒప్పుకుంటానన్నాను. కత్తిపీట పక్కకు నెట్టింది. "మళ్ళీ నా పేరు ఎత్తొద్దు. మీకు దణ్ణం పెడతాను."

జూన్ 8, ఆదివారం
రేపల్లె మందిరం. ముందు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇవాళ వాక్యం చెప్పేది నేనేనని ఎప్పుడో అనుకున్నదే, ఏలియా మార్చలేదు. ఎంత ధైర్యం.

రాహేలమ్మ వచ్చింది. వెనక గోడకు ఆనుకుంది. ఆమె నిలబడే చోట ఏలియా భార్య పాట ఎత్తుకుంది.

పెద్దల్ని కడిగెయ్యడానికి నాలుగు వాక్యాలు నాలుక మీదున్నాయి. కడిగితే అందరూ తిరిగి ఆమెనే చూస్తారు. ఊరుకుంటే వీళ్ళు చేసింది న్యాయమైపోతుంది...

ఆఖరి చరణం. వాక్యం చెప్పడానికి రమ్మని ఏలియా సైగ చేస్తున్నాడు. ఆమె తల వంచుకునే ఉంది. లేవాలి —