ఇస్త్రీ తాత మింగని నీళ్లు

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. తడి తువ్వాలు కప్పుకుని చదువుకుంటున్నాను, బెంగపడకు. మా వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే తాత మొన్న మధ్యాహ్నం వడదెబ్బకు బల్ల మీదే ఒరిగిపోయాడు, మళ్లీ లేవలేదు. పొద్దస్తమానం నోటినిండా నీళ్లు నింపుకుని బట్టల మీద ఊదేవాడే గానీ ఒక్క గుక్క మింగేవాడు కాదు. తాగమంటే, "నిప్పుల పక్కనే బతికినోణ్ణి, నన్ను ఎండేం చేస్తుందిరా మనవడా!" అని నవ్వేవాడు. బేకరీ పొయ్యి దగ్గర నాన్న అనే మాటా అదే కదమ్మా. రోజూ కూజా నువ్వే తీసుకెళ్లి, నాన్న తాగేదాకా అక్కడే నిలబడు. కిటికీకి గోనెపట్టా తడిపి కట్టారా? తాత ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా మడత విప్పబుద్ధి కావడం లేదు. చెల్లికి ముద్దులు. నాన్నకు నా దండాలు, గ్లాసుడు నీళ్లు తాగాకే చెప్పు.

నీ పెద్దోడు