డిప్‌స్టిక్ మీద చాయ్ రంగు

మంగళవారం, రాత్రి

ఐటీఐలో సార్ చెప్పినట్టే మా కారు ఇంజిన్ చల్లారాక ఆయిల్ చూసే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశాను. ఆయిల్ నల్లగా లేదు, పాలు కలిపిన చాయ్‌లా ఉంది. నీళ్లు కలిశాయి. ఇక ఇంజిన్ విప్పాల్సిందే. ఆ కారు కిరాయికి తిరిగితేనే మా ఇల్లు గడిచేది.

“సరిగ తుడుస్తలేవు బిడ్డా,” అని నాన్న తన తువ్వాలుతో తుడిచి తనే ముంచాడు. అదే రంగు.

“పొద్దుగాల కోహీర్‌కు కిరాయి ఉన్నది. గంత దూరం పోదా?” బండ్ల మిస్త్రీని అడిగినట్టు నన్ను అడిగాడు.

నేను డిప్‌స్టిక్ మళ్లీ పెట్టేసి బానెట్ మూశాను.

అమ్మ చాయ్ తెచ్చింది. నాన్న గ్లాసులోకి చూస్తూనే కూర్చున్నాడు, తాగలేదు.

పొద్దున ఆయన తాళంచెవి అందుకునేలోపు కారు పోదని చెప్పాలి. ఎట్లా చెప్పను…