మూడో పైపు

2005, ఆడి నెల, మంగళవారం రాత్రి

పెరట్లో మా అబ్బాయి మునిరత్నం టెంపో ఇంజన్ వణుకుతోంది. నాలుగు సిలిండర్లలో ఏది పని చేయడం లేదో చూడాలన్నాడు.

"పొగ పైపుల మీద నీళ్ళు చల్లు మా, దోశ పెనం మీద చల్లినట్లు."

మిగతావి చుర్రుమన్నాయి. మూడోదాని మీద చుక్కలు అలాగే నిలిచాయి. ఆ సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ మార్చి, మళ్ళీ చల్లమన్నాడు. ఈసారి చుర్రుమంది గానీ, కాస్త ఆలస్యంగా. ఆ మాటే చెప్పాను.

"నీకు దినామూ ఏదో ఒక భయమే కదా మా! పొద్దున టమాటా లోడు సేలం పోవాల."

సేలం దారిలో తొప్పూరు ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఇంజన్ ఆగితే బ్రేకు సరిగా పట్టదని ఒకసారి వాడే చెప్పాడు.

ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికే భయపడ్డాను. ఈ ఒక్కటి కళ్ళతో చూశాను. వాడు దీన్ని కూడా ఆ భయాల్లోనే కలిపేశాడు.