పాము గదిలో హీటర్

జనవరి, 1984. ఫార్మింగ్టన్ హిల్స్

పొద్దున ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ చెడిపోయింది. ఇల్లంతా మంచుగడ్డలా ఉంది. మెకానిక్ రేపుగానీ రాడట. నాకేమో నిన్నటినుంచీ జ్వరం. ఇంట్లో ఉన్న ఒక్క హీటర్నీ నా మంచం పక్కన పెట్టుకున్నాను. మధ్యాహ్నం ఆయన వచ్చి దాని ప్లగ్ పీకారు.

"పాముకి పెట్టాలి. లత కాలేజీ డార్మ్‌కి వెళ్తూ, తను పెంచుకునే పాముని చల్లబడనీయొద్దని మరీ మరీ చెప్పింది కదా! దాని పెట్టెలో ఒక వైపు ఎనభై అయిదు డిగ్రీల ఫారెన్‌హైట్, రెండో వైపు డెబ్బై అయిదు ఉండాలి."

"మరి నాకో?"

"దానికి ఒంట్లో వేడి పుట్టదు. నీకు పుడుతుంది. ఇంకో దుప్పటి కప్పుకో."

ఆయన చెప్పింది నిజమే. అందుకే మరీ మండింది.

సాయంత్రం లత ఫోన్ చేసింది. "అమ్మా, వార్మ్‌గా ఉందా?"

నా ప్రాణం లేచి వచ్చింది. "రెండు దుప్పట్లు కప్పుకున్నానమ్మా, ఫరవాలేదు," అన్నాను.

"నువ్వు కాదమ్మా, స్నేక్‌కి!"

గోడ పట్టుకుని లేచి వెళ్ళి పాము పెట్టెలో థర్మామీటర్ చూసొచ్చాను. ఎనభై అయిదుందని చెప్పాను. "థాంక్స్ అమ్మా," అని పెట్టేసింది.

నా జ్వరం ఎంతుందో ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు.