నడుం నొప్పి పటం

శ్రీవారికి,

ఇక్కడ నేనూ పాపా బాగున్నాం. మీరు అడిగిన పాప పన్ను మొన్ననే ఊడింది. ఇప్పుడది నవ్వితే చూడాలి, అచ్చం మీ నాన్నగారే! వదిన దగ్గర వేళకు తింటున్నారనీ, డాక్టరుగారి మందులతో కాస్త నిద్ర పడుతోందనీ చదివాక నా ప్రాణం కుదుటపడింది.

"ఇదంతా నా మనసు బలహీనత వల్లే కదా" అని రాశారు. ఆ మాటకు ఒళ్ళు మండింది. జవాబు వినండి.

మన బస్సు డిపోలో డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు సెలవు పెడుతున్నారని ఆరోగ్యాధికారిణి అందరినీ కూర్చోబెట్టారు. గోడకు పెద్ద కాగితం అంటించి, "తప్పెవరిదో నాకొద్దు. ఏది దేన్ని పెంచుతోందో బాణాలు గీయండి" అన్నారు. దాన్ని వ్యవస్థ పటం అంటారట. డ్యూటీ చార్టు వేసేదాన్ని కాబట్టి పెన్ను నా చేతికిచ్చారు. ఒకరు సెలవు పెడితే పక్కవాడికి రెండు డ్యూటీలు. దాంతో నిద్ర ఉండదు, ఇంట్లో చిరాకులు, మళ్ళీ ఇంకో సెలవు. గీత తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. ఇందులో మీ ఒక్కరి బలహీనత ఎక్కడుందో చూపించండి!

అన్ని బాణాలూ పోయి చేరిన పెద్ద వృత్తం మాత్రం నడుం నొప్పి. నేను రాసిచ్చిన మీ చీటీతో సహా సెలవు చీటీలన్నిటిలోనూ అదే కారణం మరి. మేనేజరుగారు సంబరపడిపోయి, "ఇంకేం, సీట్లకు కొత్త దిళ్ళు వేయిద్దాం" అన్నారు. అందరూ బుద్ధిగా తలలూపారు.

ఇక దాచను. మీరు వద్దన్న పనే చేశాను. లేచి నిలబడి, "మా ఆయనకు నడుం నొప్పి కాదు. స్టీరింగు ముందు కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి, ఏడుపొస్తోంది. మనసుకు వైద్యం చేయించుకుంటున్నారు" అని చెప్పేశాను. మీరు నాతో మాట్లాడటం మానేస్తారేమోనని ఇప్పటికీ భయంగానే ఉంది.

ముందుగా మీరు ఎప్పుడూ ఆటపట్టించే మీసాలాయన, అదే మన పెద్ద డ్రైవరు, గొంతు సవరించుకుని, "నాదీ అదే నడుం నొప్పి తల్లీ" అన్నాడు. ఆ వెనకే ఇంకో ఇద్దరు.

వృత్తంలో మాట కొట్టేసి 'దిగులు' అని రాశాను. దిళ్ళ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇక ఎవరికీ వరసగా రెండు డ్యూటీలు వేయనన్నాను. మేనేజరుగారు నసుగుతూనే, ఒక నెల చూద్దామన్నారు. నెల తర్వాతా వేయను. ఏం చేస్తారో నేనూ చూస్తాను.

డిపోలో మీ గురించి ఏమనుకుంటున్నారని అడిగారు కదా? మీసాలాయన రోజూ నా కిటికీ దగ్గరికొచ్చి, "మీ ఆయన్ని అడిగావా? ఆ డాక్టరు ఎక్కడుంటాడో రాశాడా?" అంటున్నాడు. పాపం, మీ జవాబు కోసం కాచుకుని ఉన్నాడు. వెంటనే రాయండి.

ఇట్లు,
ఇక మీకోసం కూడా అబద్ధమాడని
మీ ఆవిడ