అడుగు కనిపించిన నీళ్ళు

మంగళవారం

ఓడ దిగగానే, తాపీ పనికని నన్ను తీసుకొచ్చిన మేస్త్రీ నా ఆధార్ కార్డు లాక్కున్నాడు. అది లేకపోతే తిరుగు ఓడ ఎక్కనివ్వరు.

రాజమండ్రి నుంచి విశాఖకు రైలు, అక్కడి నుంచి అండమాన్‌కు మూడు రోజులు ఓడ, చివరికి ఈ చిన్న దీవికి పడవ. ఒడ్డు దగ్గర నీటి అడుగున ఇసుక మీద చేపల నీడలు కూడా కనిపించాయి. మన గోదావరిలో అడుగు కనిపించిందంటే మోకాలి లోతే. సంచితో దూకేశాను. తల మునిగిపోయింది!

"ఏరా, గోదారనుకున్నావా?" అంటూ మేస్త్రీ పైకి లాగాడు.

"నా కార్డు ఇచ్చేయండి మేస్త్రీగారూ."

"పనయ్యాక ఇస్తాలే. చుట్టూ సముద్రం, ఎక్కడికి పోతావురా?"

ఎక్కడికీ పోను. నీళ్ళు ఇంత తేటగా ఉంటాయని ఇన్నేళ్ళకు తెలిసింది. కళ్ళు మూసినా ఆ నీలమే. కానీ ఉండాలో పోవాలో తేల్చుకునేది నేను. రేపు టిఫిన్ వేళకల్లా కార్డు నా చేతిలో పెట్టాలి. లేదంటే తాపీ ముట్టను.